రంజనులో కాలువ

మే నెల మూడో మంగళవారం పొద్దున నెహెమ్యా రంజను మీది మూత తీస్తే లోపల కాలువ ఉంది.

రంజనంటే మట్టికుండే, కాస్త పెద్దది. కింద ఇసుక పోసి దాని మీద కూర్చోబెడతారు. అతని ఊళ్ళో అయితే కుండ అనే అంటారు. ఇప్పుడుంటున్న సుద్దగుట్టలో మాత్రం రంజను అని పిలిస్తేనే నీళ్ళు చల్లబడతాయి. ఈ సంగతి తెలియక మొదటి వేసవంతా అతను వేడినీళ్ళు తాగాడు.

నెహెమ్యా అంచు పట్టుకుని వంగి చూస్తాడు. తమ ఊరి పంటకాలువే, అనుమానం లేదు. ఎడమ గట్టున ఒరిగిన కొబ్బరిచెట్టు ఉంది. దాని మొదలుకు పడవ తాడు కట్టి ఉంది. తేడా ఒక్కటే. మే నెలలో కోనసీమ కాలువలు కట్టేస్తారు, అడుగున బురద తప్ప ఏమీ ఉండదు. ఇందులో ఎర్రనీళ్ళు నిండుగా పారుతున్నాయి. అంటే ఇది శ్రావణమాసపు కాలువన్నమాట. వేసవిలో వచ్చినందుకు దానికేమీ మొహమాటంగా ఉన్నట్టు లేదు.

రేవులో మొదటి మెట్టు మీద వాళ్ళమ్మ కూర్చుని గిన్నెలు తోముతోంది. వీపు ఇటువైపు ఉంది.

నెహెమ్యాకు ఇరవై నాలుగేళ్ళు. బైబిలు చదువు పూర్తయ్యాక మిషన్ వాళ్ళు అతన్ని ఈ ఊరికి మిషనరీగా పంపారు. వచ్చి ఏడాది దాటింది. రేకుల కప్పు గుడి, దాని వెనక ఒక గది, గదిలో నులక మంచం, పెట్టె, రంజను. అతని పేరు ఊరి నోట తిరగదు. నెమ్మయ్యగారు అంటారు. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు, కన్నతల్లికే తిరగలేదు. ఆ పేరు కావాలని పట్టుబట్టిందీ ఆవిడే, మర్నాటి నుంచి నెమ్మయ్యా అని పిలిచిందీ ఆవిడే.

ఆవిడ పోయి మూడేళ్ళు. అప్పుడతను పరీక్షలు రాస్తున్నాడు. కబురు అందగానే బయలుదేరాడు గానీ, గోదావరి పోటు మీదుంది, రేవు దాటించేవాడు లేడు. రెండు రోజులు అవతలి గట్టునే కూర్చున్నాడు. ఇల్లు చేరేసరికి సమాధి మీద మట్టి కూడా ఆరిపోయింది.

అప్పటి నుంచి అతనికి అమ్మ ముఖం గుర్తుకు రాదు. బడికి వెళ్ళేటప్పుడు రోజూ చూసిన, గిన్నెల మీద వంగిన వీపు, భుజం మీద చిరుగు కుట్టిన రవిక, ఆ మడమలు, అన్నీ గుర్తున్నాయి. ముఖం దగ్గరికి వచ్చేసరికి తుడిచినట్టు ఖాళీ. ఫోటో ఒకటే ఉంది, సంఘం మొత్తం గుడిముందు నిలబడి తీయించుకున్నది. అందులో ఆవిడ సరిగ్గా ఆ క్షణానికి పక్కపిల్ల చెప్పు సరిచేయడానికి వంగింది. ఈ సంగతి నెహెమ్యా ఎవరితోనూ చెప్పలేదు. తల్లి ముఖం మర్చిపోయిన మనిషి ఊరికి దేవుని సంగతి ఏం చెబుతాడని అతనికి సిగ్గు.

ఇక ఎండ సంగతి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. కార్తె ఇంకా రానేలేదు, రోళ్ళు ముందే పగిలి కూర్చున్నాయి. పగలు పన్నెండుకీ మూడుకీ మధ్య ఈ వారం నుంచి పదకొండు గంటలుంటున్నాయి. గోడగడియారం అన్నీ కొడుతుంది, ఊరు అన్నీ ఓర్చుకుంటుంది. తారురోడ్డు పొద్దున పదింటికల్లా లేచి గుట్ట వెనక నీడలోకి పోయి పడుకుంటుంది, దీపాలవేళకు తిరిగొస్తుంది. నీళ్ళ ట్యాంకరు డ్రైవరు రోడ్డు కోసం కాసేపు చూసి, విసుగొచ్చి వెనక్కి మళ్ళుతున్నాడు. బావులు అడుగంటాయి. బోరింగు కొడితే వేడిగాలి వస్తుంది, అది కూడా లైన్లో నిలబడ్డ వాళ్ళకే.

నెహెమ్యా రోజు మాత్రం ఎప్పటిలాగే నడుస్తుంది. నాలుగున్నరకు లేచి ప్రార్థన చేసుకుంటాడు. ఆరింటికి గంట కొడతాడు. ఎండకు మెత్తబడ్డ ఆ మోత ఊరు చేరేసరికి పొద్దుగూకుతోంది గనక, సాయంత్రపు గంట కూడా పొద్దునే కొట్టేస్తున్నాడు. తర్వాత గొడుగేసుకుని ఇళ్ళకు వెళ్తాడు. జ్వరంతో పడున్న వాళ్ళ మంచం పక్కన కూర్చుంటాడు, చదువు రానివాళ్ళకు ఉత్తరాలు రాసిపెడతాడు. పోట్లాడుకున్న అన్నదమ్ముల మధ్య కూర్చుని ఇద్దరి చేతా తిట్లు తింటాడు. ఇదంతా అతనికి ఇష్టమైన పనే.

ఆ మంగళవారం నుంచి మాత్రం తిరిగిరావడానికి తొందరపడుతున్నాడు. వచ్చీ రాగానే మూత తీసి వంగుతాడు. అమ్మ పక్కన ఇంకా అయిదు గిన్నెలున్నాయి. బూడిద, కొబ్బరి పీచు, తీరిగ్గా తోమే ఆ చెయ్యి. గిన్నెలన్నీ అయ్యాక ఆవిడ నడుం పట్టుకుని లేచి వెనక్కి తిరిగేది, తినేసి వెళ్ళరా అనేది. ఇప్పుడూ తిరుగుతుంది. ఒక్కసారి తిరిగితే చాలు, అతనికి ఇంకేమీ వద్దు. అందుకే ఆ నీళ్ళలో ముంత ముంచడు, చుక్క తాగడు. నాలుక పిడచకట్టినా ఓర్చుకుంటాడు.

వంగి వంగి మెడ పట్టేస్తుంది. ఒక్కటే వింత ఏమిటంటే, ఊరంతా మాడిపోతుంటే అతని వీపు మీద మాత్రం చాపంత నీడ ఆగి ఉంటుంది. మబ్బేమో అనుకుంటాడు గానీ తల తిప్పి చూడడు. చూసే తీరిక అతనికి లేదు.

గురువారం నాడు సంఘపెద్ద జక్రయ్య ఆదివారపు ప్రార్థన గురించి మాట్లాడటానికి వచ్చాడు. మాట మధ్యలో చొరవగా ముంత ముంచుకుని మూడుసార్లు తాగాడు. మూతి తుడుచుకుని, ఈ నీళ్ళకు బురద వాసనుంది గానీ కమ్మగున్నాయని మెచ్చుకున్నాడు.

రంజనులో కాలువ బెత్తెడు తగ్గింది. అమ్మ తోముతున్న గిన్నె పక్కనపెట్టి, అన్నిటినీ ఎత్తుకుని, నీళ్ళ వెంట ఒక మెట్టు దిగి మళ్ళీ కూర్చుంది. నెహెమ్యాకు లెక్క తెలిసిపోయింది. ఆ రేవుకు పన్నెండు మెట్లు. చిన్నప్పుడు ఒంటికాలి మీద గెంతిన మెట్లే, మర్చిపోయేవి కావు. నీళ్ళు తగ్గే కొద్దీ ఆవిడ దూరమవుతుంది. పన్నెండూ దిగితే ఇక మెట్టు లేదు.

జక్రయ్య నోట్లో నువ్వుగింజ నానదు. ఆ ఎండల్లో ఎవరి నోట్లోనూ నానదనుకోండి. సాయంత్రానికల్లా ఊరందరికీ తెలిసింది. శుక్రవారం పొద్దున జక్రయ్య భార్య శాంతమ్మ బిందెతో వచ్చి గుమ్మంలో నిలబడింది. నెహెమ్యా మూతకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"అడుగంటిందండి," అన్నాడు.

అతను ఊరికి వచ్చాక ఆడిన మొదటి అబద్ధం అది. శాంతమ్మ బిందె చంకన పెట్టుకుని వెళ్ళింది. ఆవిడ నాలుగు మాటలు అని ఉంటే బాగుండేదని అతనికి సాయంత్రం వరకూ అనిపించింది.

ఆదివారం నెహెమ్యా ప్రసంగం చేయడానికి లేచాడు. ఆకలిగొన్నవాడికి అన్నం, దప్పిగొన్నవాడికి చల్లటి నీళ్ళు అనేది ఆ రోజు అంశం, నెల కిందటే నిర్ణయించుకున్నది. నోరు తెరిస్తే మాటలు ఎండి రాలుతున్నాయి. మొదటి మాట బల్ల మీద పడి అప్పడంలా చిట్లింది. రెండోది జక్రయ్య కాలి దగ్గర పడింది. అరగంటలో గుడి ముందు భాగమంతా పొట్టుపొట్టయింది. ఆమెన్ చెప్పాక శాంతమ్మ చీపురు తెచ్చి అంతా ఒక మూలకు ఊడ్చింది. గుప్పెడు తీసి వేళ్ళతో నలిపి చూసింది.

"తడి లేదయ్యగారూ," అంది.

ఎంత మంది ఎన్ని విధాల తిట్టినా అంత గట్టిగా తగలదు. నెహెమ్యా గదిలోకి వెళ్ళి రంజను మూత తీసి గోడకు ఆనించాడు. తర్వాత బయటికొచ్చి, బిందెలు తెచ్చుకోండని చెప్పాడు. చెప్పేటప్పుడు ఆ మాట మాత్రం రాలిపడలేదు.

ఊరు వస్తుంది. సంఘం వాళ్ళూ వస్తారు, సంఘం గడప ఏనాడూ తొక్కనివాళ్ళూ వస్తారు. నెహెమ్యా ముంచి పోస్తూ ఉంటాడు. ఒక వాడ తాగితే అమ్మ ఒక మెట్టు దిగుతుంది. గిన్నెలు ఎత్తుకోవడం, దిగడం, కూర్చోవడం, మళ్ళీ మొదలుపెట్టడం. ఆవిడకు కోపం లేదు, తొందరా లేదు. ఆరో మెట్టు దగ్గర ఆవిడ వీపు అరచేయంత కనబడుతుంది. తొమ్మిదో మెట్టు దగ్గర బొటనవేలి గోరంత. అతను చెయ్యి ఆపడు. ముంత పట్టుకుని వంగిన మిషనరీని ఊరు ఇప్పుడు వీపుతోనే గుర్తుపడుతుంది.

ఈ సంఘంలో ఆడవాళ్ళకు ఒక అలవాటుంది. ఎసట్లో బియ్యం పోసేముందు గుప్పెడు తీసి వేరే కుండలో వేస్తారు. అది అయ్యగారి గుప్పెడు. ఆదివారం గుడికి తెచ్చి ఇస్తారు, నెహెమ్యా తినే అన్నం అదే. ఇప్పుడు నీళ్ళు పోయించుకున్నా వాళ్ళ చెయ్యి ఊరుకోదు. ఒక్కొక్కరూ బిందెలోంచి గుప్పెడు నీళ్ళు తీసి కానుకల బుట్టలో పెట్టి వెళ్తున్నారు. నీళ్ళు కారిపోవడం లేదు. పట్టిన గుప్పిట ఎలా ఉందో అలాగే నిలుస్తున్నాయి. వేళ్ళ సందులు, అరచేతి గీతలు, ఉంగరం పెట్టుకునే వాళ్ళకు ఉంగరం గుర్తు కూడా ఉంది. నెహెమ్యా వాటిని కిటికీలో వరసగా పెట్టాడు. తాగడానికి మాత్రం చెయ్యి రాలేదు.

వాళ్ళమ్మ కూడా గుప్పెడు తీసేది. ఇంట్లో అందరికీ చాలని రోజున కూడా తీసేది. అప్పుడు నెహెమ్యాకు ఎనిమిదేళ్ళు, ఆకలి ఎక్కువ, కుండకు అడ్డం పడి పోట్లాడేవాడు. ఎవరి బిడ్డో ఊరుగాని ఊళ్ళో ఉంటాడురా నెమ్మయ్యా, వాడికి ఎవరో ఒకరు తియ్యాలి కదా అనేది. ఆ గొంతు అతనికి స్పష్టంగా వినబడుతుంది. గొంతు పైన ఉండవలసిన ముఖమే లేదు.

బుధవారం మధ్యాహ్నానికి ఊరంతా తాగింది. గడియారం ఆ మధ్యాహ్నపు ఏడో గంట కొడుతుంటే నెహెమ్యా రంజనులోకి చూశాడు. అమ్మ పన్నెండో మెట్టు మీద ఉంది, ఆవగింజంత. చీలమండల దాకా నీళ్ళున్నాయి, ఒక ముంతకు సరిపడా. ఆఖరి గిన్నె కడుగుతోంది. అది అన్నం గిన్నె. ఇంక బోర్లించడమే తరువాయి. తర్వాత తిరుగుతుంది. నెహెమ్యా రెండు చేతులతో అంచు పట్టుకున్నాడు. ఒక్క అయిదు నిమిషాలు ఎవరూ రాకూడదని ప్రార్థించాడు కూడా.

గుమ్మం దగ్గర ఆకుల చప్పుడైంది. కొమురవ్వ నిలబడి ఉంది.

కొమురవ్వ డెబ్భై ఏళ్ళ మనిషి, ఒంటరిది, సంఘంలో లేదు. తెల్లవారుజామున అడవికి పోయి బీడీలు చుట్టే తునికాకు తెంపి, మిట్టమధ్యాహ్నం కట్ట నెత్తిన పెట్టుకుని గుడిముందు నుంచే ఇంటికి పోతుంది. ఆమెకూ నెహెమ్యాకూ మధ్య ఏడాదిగా ఒక మాట అడ్డం పడి ఉంది.

అతను ఈ ఊరికి వచ్చిన మొదటి వారం అది. కొమురవ్వ ఇలాగే కట్ట దించి, దూపైతుంది అయ్యా అంది. కోనసీమ చెవికి అది ధూపంలా వినబడింది. సాంబ్రాణి ధూపం అడుగుతోంది కాబోలు, మొదటి ఆత్మ దొరికిందని సంబరపడి, గుమ్మంలోనే నిలబెట్టి బోధ మొదలుపెట్టాడు. మా గుళ్ళో ధూపం వెయ్యమండి, మనసులోంచి లేచే ప్రార్థనే మాకు ధూపమండి అంటూ పావుగంట చెప్పాడు. ఆమె అంతా విని, దండం పెట్టి, కట్ట ఎత్తుకుని పక్కింటికి పోయింది. దూపంటే ఇక్కడ దాహమని సాయంత్రం జక్రయ్య నవ్వలేక చస్తూ చెప్పాడు. చాలా రోజులు ఊరు అతన్ని ధూపమయ్యగారని పిలిచింది. అందరితో పాటు తనూ నవ్వేశాడు గానీ, కొమురవ్వ మళ్ళీ ఆ గుమ్మంలో ఏమీ అడగలేదు. ముల్లు తీసేసినా సలుపు పోనట్టు, అది అతనిలో ఉండిపోయింది.

ఇప్పుడు కూడా ఆమె అడగడం లేదు. గోడకు చెయ్యి ఆనించి ఊపిరి తీసుకుంటోంది. పెదాలు పగిలి నెత్తురు గడ్డకట్టింది.

రంజను అడుగున గిన్నె బోర్లించిన చప్పుడైంది.

"దూపైతుందా అవ్వా?" అన్నాడు నెహెమ్యా. ఏడాదిలో ఆ మాట అతను పలకడం ఇదే మొదలు.

"అప్పుడైంది బిడ్డా," అంది కొమురవ్వ. "ఇప్పుడు అలవాటైంది."

అమ్మ మోకాళ్ళ మీద చెయ్యి పెట్టి లేస్తోంది. నడుం పట్టుకుంది. భుజం ఇటు కదిలింది. నెహెమ్యాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. కిటికీలో గుప్పిళ్ళున్నాయి గదా, అందులోంచి ఒకటి ఇస్తే సరిపోదా అని ఒక ఆలోచన వచ్చింది. అవి వాళ్ళు తమ వాటాలోంచి తీసినవి. తనది కానిది తీసి ఇవ్వడం ఇవ్వడం కాదని వాళ్ళమ్మే నేర్పింది. అతను భుజం దాకా చెయ్యి దించి, కళ్ళు మూసుకుని, ఆఖరి ముంత ముంచాడు. కాలువ, పడవ తాడు, పన్నెండో మెట్టు, దాని మీది మనిషి, అన్నీ ముంతలోకి వచ్చాయి. అంత బరువు ఉంటుందనుకోలేదు.

కొమురవ్వ దోసిలి పట్టలేదు. ముంతే అందుకుని, తల వెనక్కి వాల్చి, గుటకగుటకగా అంతా తాగింది. చివరి చుక్క దాకా తాగి ముంత బోర్లించి చూపించింది. ఆమె గొంతు దిగుతున్న నీళ్ళ చప్పుడు గదిలో కాసేపు ఆగి ఉంది.

"ఆమె ఇటు తిరిగింది," అంది మూతి తుడుచుకుంటూ.

"మీరు చూశారా అవ్వా?"

"తాగెటోళ్ళకు అడుగు కనవడ్తది గదా."

ఎలా ఉందండీ అని నెహెమ్యా అడిగాడు. కొమురవ్వ చూసింది చూసినట్టు చెప్పే మనిషి.

"మెడ నొస్తున్నట్టుంది పాపం. శాన దినాల సంది వంగి నీ వీపే చూస్తుందట. ఇటు తిరుగుతవా, అటు తిరుగుతవా అని." కట్ట నెత్తికెత్తుకుని గడ్డంతో బయటికి చూపించింది. "జర మొఖం పైకెత్తరాదూ బిడ్డా."

నెహెమ్యా రంజను వదిలి వాకిట్లోకి వచ్చాడు. వీపు మీది నీడ అతనితో పాటే వచ్చింది. వారం దాటింది అతను తల ఎత్తి. మెడ ఎముకలు ఒక్కొక్కటే కదిలాయి.

ఆకాశానికి అంచు ఉంది. గుండ్రంగా, ఎర్రగా, కాల్చిన మట్టి అంచు, సుద్దగుట్ట మీదుగా మొదలై తునికి అడవి మీదుగా తిరిగి మళ్ళీ గుట్టను కలుస్తోంది. ఆ అంచు పట్టుకుని వాళ్ళమ్మ లోపలికి వంగి చూస్తోంది. మోచేతుల దాకా బూడిద. జారిన ముడి. ఎడమ కనుబొమ మీద చిన్న గాటు, పై వరసలో ఒకదాని మీదికి ఒకటి ఎక్కిన రెండు పళ్ళు, ఏదో అడగబోయి ఆగినట్టుండే ఆ పెదవి. ఇదే కదా, దీన్నెలా మర్చిపోయానని నెహెమ్యా పైకే అంటాడు. కళ్ళ నీళ్ళు చెంపల మీదుగా దిగి నేలమీద పడతాయి. పడినచోట మట్టి నల్లబడుతుంది.

ఊరు ఇళ్ళలోంచి బయటికొస్తుంది. గుట్ట వెనక పడుకున్న తారురోడ్డు కూడా లేచి వచ్చి వాకిళ్ళముందు నిలుస్తుంది. జక్రయ్య టోపీ తీస్తాడు. కిటికీలోని నీళ్ళ గుప్పిళ్ళు అన్నీ ఒకేసారి పక్కకు ఒరిగి, వేళ్ళు పైకి తిప్పుకుంటాయి.

పైన ఆవిడ కుడిచేతిని ఊరి మీదికి చాపుతుంది. చెయ్యి మూసి ఉంది, ఎసట్లో పోసేముందు పక్కకు తీసే గుప్పెడు ఎలా పడతారో అలాగే. దాని నీడలో గుడి రేకులు చల్లబడి టపటపమంటాయి. శాంతమ్మ కొంగు పరుస్తుంది. కొమురవ్వ కట్ట దించి, నెహెమ్యా చేతికి ఖాళీ ముంత అందించి, ముందు నువ్వు పట్టు, నువ్వే ఇంకా తాగలేదు అంటుంది.

నెహెమ్యా ముంత ఎత్తి పట్టుకుంటాడు. అమ్మ చిటికెన వేలు మొదట తెరుచుకుంటుంది.